మా బడి ఎడమచేతి జట్టు

అడవిలో ఎలుగుబంటికి ఎదురుపడి బతికి బయటపడ్డవాళ్ళున్నారు. గోదావరి వరదకు కొట్టుకుపోయి మామిడికొమ్మ పట్టుకుని ఒడ్డెక్కినవాళ్ళున్నారు. నేను అంత గొప్పవాణ్ణి కాను. నేను చేసిందల్లా ఒక బడిలో ఆడపిల్లల జట్టు మొత్తానికి కుడిచెయ్యిని ఎడమచెయ్యి చెయ్యడం. దానివల్ల ఒక ఊరికి వాన ఆగిపోయింది (ఇది ఊరివాళ్ళ లెక్క, నాది కాదు). ఒక పిల్ల చదువు ఆగిపోబోయింది. దేశానికి ఏళ్ళ తరబడి కెప్టెన్‌గా ఉన్న ఒక మహా బ్యాటర్ నా మొహం చూసి కుర్చీలోంచి జారి కిందపడి మరీ నవ్వింది. ఆమె పేరు రాయను. రాస్తే ఇది ఆమెదాకా పోతుంది, మళ్ళీ మొదలెడుతుంది.

నాది వైరా. ఫిజిక్స్ సారుగా మొదటి పోస్టింగ్ చర్ల అవతల. తారు రోడ్డు అలిసిపోయి మట్టిరోడ్డయ్యాక కూడా ఇంకా లోపలికి పోవాలి. అక్కడ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల. చేరిన రోజే పెద్ద మేడం, అంటే మా హెడ్‌మిస్ట్రెస్, కళ్ళజోడు మీదినుంచి చూసి అడిగింది.

"ఆటల సారు బదిలీ మీద పోయిండు. నీకేమన్న ఆటలొస్తయా?"

"క్రికెట్ వస్తది మేడం. వైరాల మా టీంకు నేనే కెప్టెన్."

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. వైరా రిజర్వాయరు కట్ట పక్కన మా ఈడు పిల్లలు క్రికెట్ ఆడిన మాట నిజం. నేనూ అక్కడే ఉన్న మాట నిజం. కాకపోతే బంతి నీళ్ళలో పడ్డప్పుడల్లా ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని దిగి తేవడం నా డ్యూటీ. బ్యాటు లేదు, బంతి లేదు, కెప్టెన్ పేరు మాత్రం సోమలింగం. కొత్త ఉద్యోగం, కొత్త చొక్కా, నాలుక కూడా కొత్తగానే ఉన్నట్టుంది, జారిపోయింది.

"అయితే మంచిదే," అంది పెద్ద మేడం. "వచ్చే వానకాలం భద్రాచలంల ఆడపిల్లల క్రికెట్ సెలక్షన్లున్నయట. మంచిగ ఆడిన పిల్లకు క్రీడల హాస్టల్ల సీటిస్తరు. మన బడినుంచి ఒక్క పిల్లనన్న పంపాలె. ఇగ నీ ఇష్టం, కెప్టెన్ సారూ."

ఆ పిల్ల ఎవరో మొదటి సాయంత్రమే తెలిసిపోయింది. తొమ్మిదో తరగతి జోగమ్మ. జొన్నచేలో చిలకల్ని తోలుతూ పెరిగిన పిల్ల, చేతిలో కర్ర ఉంటే చాలు దానికి పూనకం వచ్చేది. నేను బంతి వేశాను. కుడిచేతి వాటంగా నిలబడి ఒక్కటి ఇచ్చింది. బంతి వంటగది రేకుల మీద పడి, లోపల పప్పు తిప్పుతున్న వంటమనిషి గరిటె వదిలేసి బయటికి ఉరికింది. బుద్ధి ఉన్నవాడైతే అక్కడితో "శభాష్" అని చేతులు కట్టుకుని కూర్చుంటాడు. నాకు బుద్ధికంటే శాస్త్రం ఎక్కువ.

"గట్ల గుడ్డిగ కొట్టుడు కాదు జోగమ్మా. పద్ధతుంటది. పెద్దోళ్ళ ఆట చూసి నేర్వాలె," అన్నాను.

పెద్దోళ్ళు అంటే మన కెప్టెన్. బడి ఉన్న ఊళ్ళో నెట్ రాదు. హాస్టల్ టీవీ డిష్షును కోతులు ఎప్పుడో పీకి పారేశాయి. అందుకని ఆదివారం బండేసుకుని చర్ల వెళ్ళాను. సెల్‌ఫోన్ల దుకాణంలో కుర్రాడు మెమరీ కార్డు నిండా ఆమె ఆటలు ఎక్కించి ఇచ్చాడు.

"మంచిగ కనవడ్తయా?" అన్నాను.

"మంచిగ కనవడ్తయ్ సార్. అసలైనవైతే కంపెనీవాళ్ళు తీసేస్తరు. గివి తీసెయ్యరు," అన్నాడు.

ఎందుకు తీసెయ్యరో అడగలేదు. చవగ్గా దొరికిన చేపను పులుసు పెట్టుకోవాలి గానీ దాని పుట్టుపూర్వోత్తరాలు అడుగుతామా?

అన్నాల హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడమీద ప్రొజెక్టరు వేసి, ఆదివారం ఆదివారం ఆ కెప్టెన్ జీవితాన్ని పురాణంలా చెప్పాను. అన్నల వెంట గల్లీలో ఆడటం మొదలుపెట్టింది. మొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లో సున్నాకు ఔటయింది. తర్వాత సెంచరీల మీద సెంచరీలు కొట్టింది. చిన్న వయసులో కెప్టెన్ చేస్తే పెద్దవాళ్ళు మాట వినలేదు. పదవి పోయింది. మళ్ళీ ఆటతోనే సంపాదించుకుంది. ఇదంతా పాత పేపర్లలో చదివింది. పేపర్లలో లేనివి పిల్లలే అడిగేవాళ్ళు.

"సార్, కెప్టెనంటే మా ఊరి పెద్ద లెక్కనా?"

"అవ్. గట్లనే."

"సున్నకు ఔటైననాడు అన్నం తిన్నదా సార్?"

"తిన్నది."

"ఏం కూర?"

నాకేం తెలుసు? "పప్పు," అన్నాను.

మా హాస్టల్లో రోజూ పప్పే. ఆ దెబ్బతో పిల్లలు ఆమెను సొంత మనిషి చేసేసుకున్నారు. అప్పుడడిగింది జోగమ్మ, అసలు ప్రశ్న.

"సార్, ఆమె ఎడమచేత్తోనే ఎందుకాడ్తది?"

అవును, గోడమీద ఆమె ఎడమచేతి వాటంగానే ఆడుతోంది. నాకూ ఆ ఆదివారమే తెలిసింది. మీరడగొచ్చు, అంత పేరున్న మనిషి ఏ చేత్తో ఆడుతుందో తెలియదా అని. పేపర్లో ఆమె ఫొటో ఎప్పుడు చూసినా కప్పు పట్టుకునో, సబ్బు పట్టుకునో ఉండేది. రెండు చేతులతో పట్టుకునేది. నా తప్పేముంది?

"గుండె ఏ పక్కకుంటది?" అన్నాను.

"ఎడమపక్కకు."

"ధైర్యం ఎక్కడుంటది?"

"గుండెల."

"మరింకేంది? ధైర్యమున్న పక్కకెల్లి కొడ్తేనే బంతి దూరం పోతది. గందుకే ఆమె అంతటిదయింది."

పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. నాకు కూడా ఆ మాట చాలా బాగా అనిపించింది, మరునాటికి నేనే నమ్మేశాను. జోగమ్మ మాత్రం గోడకు దగ్గరగా వెళ్ళి తల వంచి చూసింది.

"సార్, ఆమె అంగీ మీద అక్షరాలు ఎట్లనో ఉన్నయ్. చదువొస్తలేదు."

"అది అవతలి దేశం లిపి."

నవ్వకండి. మా దగ్గర సంతకు పోతే ఒక బోర్డు తెలుగులో, ఒకటి హిందీలో, సరిహద్దు దాటి వచ్చిన లారీ మీద ఇంకేదో ఉంటుంది. చదవరానిది కనిపిస్తే అది పక్కవాళ్ళ లిపి అనుకుని ముందుకు పోవడం మా అందరికీ అలవాటు. వీపు మీది అంకె కూడా ఖర్మకాలి ఎటు తిప్పినా ఒకేలా ఉండే అంకె.

"అంబులెన్సు ముందట రాసినట్టుంది సార్," అంది మళ్ళీ.

"ఆట చూడమంటే అంగీ చూస్తవేంది? కూసో!"

మరునాడు పొద్దున ఎనిమిదో తరగతికి నేను చెప్పిన పాఠం ఏమిటో చెప్పమంటారా? సమతల దర్పణం. అద్దం ముందు కుడిచెయ్యి ఎత్తితే అద్దంలో బొమ్మ ఏ చెయ్యి ఎత్తుతుంది? దీన్ని పార్శ్వ విలోమం అంటారు. చెప్పలేకపోయిన పిల్లను నిలబెట్టి, "కళ్ళముందరున్నది కూడ కనవడదా?" అని గట్టిగా కేకలేశాను.

ఇక మొదలైంది ఉద్యమం. నేను పట్టిన కెప్టెన్‌కి ఎడమచెయ్యే. జట్టు జట్టంతా ఎడమవైపు తిరిగి నిలబడింది. మొదటి నెలంతా బంతి బ్యాటుకు తప్ప అన్నిటికీ తగిలింది. చెయ్యి అలవాటు కావాలని పళ్ళు తోముకోవడం ఎడమచేత్తో, బకెట్ మొయ్యడం ఎడమచేత్తో, చింతకాయలకు రాళ్ళు వెయ్యడం ఎడమచేత్తో. గురువు ఆచరించి చూపాలి గనక నేనూ సుద్దముక్క ఎడమచేత్తో పట్టాను. చివరికి హాజరు రిజిస్టర్లో సంతకం కూడా ఎడమచేత్తో పెట్టాను. పెద్ద మేడం చాలాసేపు చూసి, "సంతకమా? కోడి నడిచిందనుకున్న," అంది.

వేసవి సెలవుల నాటికి మిగతా పిల్లలు ఎటు నిలబడాలో తెలియక గాలిపటాల్లా తిరుగుతున్నా, జోగమ్మ మాత్రం గోడమీది బొమ్మ దిగివచ్చినట్టు ఆడుతోంది. నాకు నేనే దండ వేసుకుందామా అనుకున్నాను.

సెలవులకు పిల్లలు ఊళ్ళకు పోయారు. ఆ ఊళ్ళలో విత్తనాల పండుగ. దేవత ముందు పెట్టిన విత్తనాలను ఊరిపెద్ద ఇంటికింత పంచుతాడు, ఇంటి పిల్లలు ఆకుదొప్ప పట్టి తీసుకుంటారు. ఆ విత్తులు కలిపి చల్లితేనే పంట. జోగమ్మ వంతు వచ్చింది. దొప్ప పట్టింది. ఎడమచేత్తో పట్టింది.

ఆ తర్వాతి సంగతి బడి తెరిచిన మొదటిరోజే దాని నాయనమ్మ లచ్చమ్మవ్వ నోటినుంచి విన్నాను. కర్ర పట్టుకుని గేటు దాటి నేరుగా నా తరగతిలోకే వచ్చింది.

"లెక్కల సారెవ్వలు?"

"లెక్కలు కాదవ్వా, ఫిజిక్స్."

"ఏదైతేంది. మా పిల్ల చెయ్యిని ఎడమకు మళ్ళేసింది నువ్వేనా?"

"అవ్వా, అది ఆట..."

"దేవతకాడ ఇత్తులకు ఎడమచెయ్యి పట్టింది! పెద్దమనిషి ఇత్తుల చెయ్యి ఎనుకకు గుంజుకున్నడు. ఊరు ఊరంతా నోరు మూసుకుని జూసింది. నా కొడుకు తల దించుకున్నడు. ఏందిర గిది అంటే, 'గుండె ఎడమపక్కకుంటదే అవ్వా' అంటది! ఇప్పుడు సూడు, ఆకాశంల మోడమే లేదు. వాన రాకపోతే నీ గుండెను నాటుకుంటమా పొలంల?"

ఆ ఏడు తొలకరి నిజంగానే ఆలస్యమైంది. నేను మాన్సూన్ గురించి, అరేబియా సముద్రం గురించి చెప్పబోయాను. లచ్చమ్మవ్వ కర్ర కొంచెం పైకి లేచింది. అరేబియా సముద్రం ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

పెద్ద మేడం వచ్చి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. చివరికి అవ్వ తీర్పు చెప్పింది. "భద్రాచలంల సీటొస్తే సరే. పిల్ల నా కాళ్ళు మొక్కింది, నేను కాదన. రాకపోతే ఇంటికి తోల్కపోత. చేలల్ల పని నేర్సుకుంటది. చెయ్యి మేం సక్కజేసుకుంటం. నేను గూడ వస్త, నా కండ్లతోని సూస్త."

జోగమ్మ గోడకు ఆనుకుని నిలబడి వింటోంది. ఏడవలేదు. "సార్, మనం ఇంక గట్టిగ చేద్దాం సార్," అంది. నాకు మొదటిసారి భయం వేసింది.

భద్రాచలంలో సెలక్షన్ల గ్రౌండుకు చేరేసరికి గేటు దగ్గర ఒకటే జనం. ఏందని అడిగితే, రాములవారి దర్శనానికి వచ్చిన ఆ కెప్టెన్ మేడాన్ని సెలెక్టర్లు బతిమాలి తీసుకొచ్చారట. మా పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు. నేను చొక్కా సరిచేసుకున్నాను. నా శిష్యురాళ్ళు ఆమె ముందే ఆమెలా ఆడబోతున్నారు. పూర్వజన్మ పుణ్యం!

మా పిల్లలు ఒక్కొక్కరే బ్యాటింగుకు పోతుంటే సెలెక్టర్ పెన్ను ఆపి నన్ను పిలిచాడు.

"ఏంది సార్, మీ జట్టుల అందరు ఎడమచేతోళ్ళేనా?"

"అవ్ సార్."

"మీ దిక్కు నీళ్ళల్ల ఏమన్నున్నదా?"

"శిక్షణ సార్," అన్నాను, కాలర్ సర్దుకుంటూ.

శిక్షణ ఫలితం వరసగా వికెట్లు ఎగరగొట్టుకుని వచ్చింది. ఆఖరున జోగమ్మ. మొదటి బంతి వదిలేసింది. రెండోదానికి కాలు ముందుకు వేసి, మోచెయ్యి పైకెత్తి, తల వంచి కవర్స్ మీదుగా ఒక్క షాట్. బంతి గడ్డిని రాసుకుంటూ పోయి గోడకు తగిలింది. ఆ తర్వాత అటువంటివే ఇంకొన్ని. షామియానా కింద కూర్చున్న కెప్టెన్ లేచి నిలబడింది. వాళ్ళమ్మది గోదావరి అవతలి ఊరు, తెలుగు బాగా వచ్చు.

"ఈ షాట్ నేనెక్కడో చూశానే!" అంటూ దగ్గరికి వచ్చింది. "ఎవరు నేర్పారమ్మా నీకు?"

"మీరే మేడం," అంది జోగమ్మ.

"నేనా?"

"అవ్ మేడం. అచ్చం మీ లెక్కనే. ఎడమచేత్తోని."

"నాది ఎడమచెయ్యి కాదే!"

గ్రౌండంతా నావైపు తిరిగింది. ఇప్పుడు నేనన్న మాట వినండి. మనిషి మూర్ఖత్వానికి కట్ట తెగితే వైరా రిజర్వాయరు ఏం సరిపోతుంది?

"మేడం, మీరు మరిచిపోయిండ్రేమో. మా దగ్గర వీడియో ఉన్నది," అన్నాను.

ఫోను తీసి చూపించాను. ఆమె కళ్ళు చికిలించి చూసింది. "అరె, ఎడమచేత్తో బాగానే ఆడుతున్నానే నేను!" అంది. మళ్ళీ చూసి, "మాస్టారూ, నా చొక్కా మీద ఏం రాసుందో చదవండి," అంది.

"అది అవతలి దేశం లిపి మేడం."

"అవతలి దేశంవాళ్ళు వచ్చి నా చొక్కా మీద రాసి పోయారా?"

ఆమె నా ఫోను తీసుకుని పక్కనే నిలిపిన నా బండి అద్దానికి ఎదురుగా పట్టింది. అద్దంలో అక్షరాలు తిన్నగా నిలబడ్డాయి. మన దేశం పేరు! దాని కింద మన కెప్టెన్, కుడిచేతి వాటంగా, హాయిగా ఆడుకుంటోంది.

"దొంగ వీడియోలు మాస్టారూ. కంపెనీకి దొరక్కుండా బొమ్మను తిప్పి పెడతారు. ఇంతకీ మీరు బడిలో ఏం చెప్తారు?"

"ఫిజిక్స్," అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

"అద్దాల పాఠం మేడం," అంది జోగమ్మ, గురుభక్తితో. "పార్శ్వ విలోమం. ఎనిమిదో తరగతోళ్ళకు మంచిగ చెప్తడు."

అదిగో, అప్పుడే ఆమె షామియానాలోకి పోయి కుర్చీలో కూలబడింది. కుర్చీలోంచి జారింది. సెలెక్టర్లు, మిగతా బళ్ళ సార్లు, ఐస్ బండివాడు, అందరూ నవ్వారు. లచ్చమ్మవ్వ మాత్రం నవ్వలేదు. కర్ర తాటించుకుంటూ వచ్చి కెప్టెన్ ముందు నిలబడింది.

"బిడ్డా, నువ్వు కుడిచేత్తోనే కొడ్తవా?"

"అవునవ్వా."

"కుడిచేత్తోనే తింటవా?"

"అవునవ్వా."

"నేను జెప్పలే! పిల్ల మంచిదే. మా సారే అద్దంల పుట్టిండు." అని జోగమ్మ రెక్క పట్టుకుంది. "నడువ్ ఇగ. నేర్సుకున్నదంత తప్పని తేలింది గద. ఇంటికి పోదాం."

ఎడమవైపున్న నా గుండె నిజంగానే ఆగినంత పనైంది. "అవ్వా, తప్పు నాది! పిల్లది కాదు! నీ కాళ్ళు మొక్కుత, జర ఆగు," అని అడ్డం పోయాను. సెలెక్టర్లు మొహాలు చూసుకున్నారు. కెప్టెన్ కళ్ళు తుడుచుకుని లేచింది.

"జోగమ్మా, నీ అసలు చెయ్యి ఏది?"

"కుడిది మేడం."

"అటు తిరిగి ఆడగలవా? నేనే బంతి వేస్తాను."

జోగమ్మ నావైపు చూసింది. "ఆడొచ్చునా సార్?"

నాకు ఏడుపొచ్చింది. తన చెయ్యి తాను వాడుకోవడానికి ఆ పిల్ల నన్ను అడుగుతోంది. నా గొప్పకోసం ఎంత పని చేశానో అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల ఊపాను.

కుడివైపు తిరిగింది. కెప్టెన్ బంతి వేసింది. జోగమ్మ పద్ధతీ గిద్ధతీ అంతా మరిచిపోయి, మొదటి సాయంత్రం వంటగది మీదికి కొట్టినట్టు ఒక్కటిచ్చింది. బంతి గోడ దాటి, రోడ్డు దాటి ఎటో పోయింది. అందరం తలలెత్తి చూస్తున్నాం. బంతి కనపడలేదు, చినుకు కనపడింది. ఇంకో చినుకు. అంతే, తొలకరి ధబధబా దిగింది.

"సూసిండ్రా!" అని లచ్చమ్మవ్వ కర్ర పైకెత్తి వానలోనే కేకేసింది. "పిల్ల కుడికి మళ్ళంగనే వాన కురిసింది!"

ఈసారి అరేబియా సముద్రం గురించి నేనేమీ చెప్పలేదు.

షామియానా కింద సెలెక్టర్లు తడిసిన కాగితాలతో తంటాలు పడుతుంటే కెప్టెన్ వాళ్ళతో తేల్చి చెప్పింది. "కుడిచేతివాళ్ళు బోలెడుమంది వస్తారు. ఎడమచేత్తో ఇలా ఆడేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? పైగా కుడిది కూడా దాచుకుంది. ఈ పిల్లను వదిలేస్తే మీకంటే ఆ మాస్టారే నయమనుకుంటాను." సీటు ఖాయమైంది.

జోగమ్మ ఆమె పక్కన చేరి చెవిలో అడిగింది. "మేడం, సున్నకు ఔటైననాడు మీరు పప్పన్నం తిన్నరట గద?"

ఆమె నావైపు ఒకసారి చూసింది. "ఆ రోజు ఏమీ తినలేదమ్మా. బాత్‌రూంలో కూర్చుని ఏడ్చాను. పొద్దున్నే మా కెప్టెనక్క వచ్చి ఇడ్లీలు తినిపించింది. నువ్వు సున్నా కొట్టిన రోజున మాత్రం తిని పడుకో."

"అవ్ మేడం," అంది జోగమ్మ. చాలా ముఖ్యమైన సంగతి తెలిసినట్టు తల ఊపింది.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. మొన్న జోగమ్మ రాష్ట్రం జట్టులో ఆడుతుంటే టీవీలో చూపించారు. పెద్ద మేడం కోతులతో పోరాడి కొత్త డిష్షు పెట్టించింది. అన్నాల హాలంతా పిల్లలు, ముందు వరసలో లచ్చమ్మవ్వ. జోగమ్మ ఎడమచేతి వాటంగా నిలబడి కవర్స్ మీదుగా అదే షాట్ కొట్టింది. టీవీలో వ్యాఖ్యాత ఉబ్బిపోయాడు. "ఆహా! ఈ అమ్మాయి ఆట చూస్తుంటే మన పాత కెప్టెన్‌ని అద్దంలో చూస్తున్నట్టుందండీ!"

హాలు హాలంతా నావైపు తిరిగింది. లచ్చమ్మవ్వ కర్ర కూడా తిరిగింది.

"సారూ, ఇగ ఎవ్వలి పిల్లకన్న ఎనుకముందు సూడకుండ ఏమన్న నేర్పుతవా?"

"నేర్పనవ్వా."

"ఒట్టెయ్యి."

లేచి నిలబడ్డాను. గొంతు సవరించుకున్నాను. పిల్లలంతా చూస్తుండగా చెయ్యి పైకెత్తి గంభీరంగా అన్నాను. "అడవితల్లి సాక్షిగా, తొలకరి వాన సాక్షిగా, పార్శ్వ విలోమం సాక్షిగా! అంగీ మీద అక్షరాలు చదవకుండ ఇగ జన్మల ఏ వీడియో నమ్మ. ఎవ్వరి చెయ్యిని వాళ్ళకే వదిలేస్త. కుడి ఏందో ఎడమ ఏందో నాకిప్పుడు మంచిగ తెలిసొచ్చింది!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లచ్చమ్మవ్వ నా చెయ్యివైపు చూసి నిట్టూర్చింది.

"సారూ, గది ఎడమచెయ్యి."